పూత మీద పూత
(ద్రావణ విధానంలో కర్బన కాంతి పరికరాల నిర్మాణం)

గత విద్యా సంవత్సరంలో డిగ్రీ విద్యార్థిని ఒకతె తాను వ్రాసిన వ్యాసాన్ని దిద్దించుకొనేందుకు నా వద్దకు తెచ్చింది. అది విజ్ఞానశాస్త్ర విషయంపై తెలుగులో చదవవలసిన వ్యాసం. మొదటి పుటలోనే "పరిష్కార ఆధారిత పూత పద్ధతులు" అన్న శీర్షిక కనిపించింది. ఏ సమస్యకు పరిష్కారమని అడిగాను. ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, "ఇంగ్లీషు పుస్తకంలో సొల్యూషన్ అని ఉంది సార్. నిఘంటువు చూసి వ్రాశాను" అన్నది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. ఇంగ్లీషులో లెక్కకు వచ్చే జవాబుకూ, నీటిలో ఉప్పు కరిగి ఏర్పడిన ద్రవానికీ ఒకటే పేరు. ఉర్దూలో కూడా 'హల్' అనే మాటకు ఈ రెండు అర్థాలూ కలవు. లెక్కనూ హల్ చేస్తారు, చక్కెరనూ హల్ చేస్తారు. అయితే కరిగి సిద్ధమైన ద్రవాన్ని 'మహ్లూల్' అని వేరుచేసి చెప్పుకొనే వీలు ఆ భాషకు ఉన్నది. తెలుగులో మనకు పరిష్కారం, ద్రావణం అని రెండూ వేరువేరు మాటలే. నిఘంటువులో మొదట కనిపించిన మాటను తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఆ అమ్మాయిది పెడన. ఇంట్లో అద్దకం పని. "మీ నాన్నగారు పొద్దున్నే కుండలో కలిపి వడగట్టేది ఏమిటమ్మా?" అని అడిగాను. "రంగు సార్" అన్నది. అదే ద్రావణమని చెప్పాను. అప్పుడామె, "అద్దకం గుడ్డల పని కదా సార్, ఇది కరెంటుతో వెలిగే వస్తువు. దానికీ దీనికీ ఏమి సంబంధం?" అన్నది. నేను తెలుగు పాఠాలు చెప్పేవాడిని. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరియైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత భౌతిక, రసాయనశాస్త్రాల సహోపాధ్యాయులను అడిగి, దొరికిన గ్రంథాలు చదివి తెలుసుకొన్నదానిని విద్యార్థులకు పనికివచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ వస్తువు ఏమిటో తెలుసుకొందాము. నేడు ఖరీదైన చేతిఫోన్ల తెరలలోనూ, కొన్ని టెలివిజన్లలోనూ వాడే ఓలెడ్ అనే పరికరం ఇది. తెలుగులో దీనిని కొందరు 'సేంద్రియ కాంతి డయోడ్' అంటున్నారు. మన డెల్టాలో సేంద్రియమనగానే పశువుల ఎరువు గుర్తుకు వస్తుంది గాన, కర్బన రసాయనశాస్త్రమన్న పాఠ్యపుస్తకపు మాటను అనుసరించి 'కర్బన కాంతి పరికరం' అనడమే నాకు ఉచితమని తోచింది. దీని నిర్మాణం చెప్పడానికి సులువుగానే ఉంటుంది. ఒక గాజుపలక మీద ఇండియం, తగరం ఆక్సైడులతో చేసిన పారదర్శకమైన వాహకపు పొర ఉంటుంది. అది ధనధ్రువం. దానిపైన రెండో మూడో, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువో, కర్బన పదార్థాల పొరలు. అన్నిటికన్న పైన అల్యూమినియం వంటి లోహపు ఋణధ్రువం. విద్యుత్తును ప్రవేశపెట్టినప్పుడు ఋణధ్రువం నుండి ఎలక్ట్రాన్లు, ధనధ్రువం నుండి 'హోల్' అనబడే ఖాళీలు బయలుదేరి కర్బనపు పొరలో కలుసుకొంటాయి. ఎలక్ట్రాన్ ఉండవలసినచోట లేకపోవడమే హోల్. ఆ ఖాళీలో ఎలక్ట్రాన్ పడినప్పుడు విడుదలయ్యే శక్తి కాంతిరూపంలో వెలువడుతుంది. ఆ కాంతి గాజువైపు నుండి మన కంటికి చేరుతుంది. ఏ రంగు కాంతి రావాలన్నది కర్బనపు అణువు నిర్మాణాన్నిబట్టి ఉంటుంది.

కష్టమంతా ఆ పొరల పలుచదనంలో ఉన్నది. కర్బన పదార్థాలు విద్యుత్తును రాగితీగవలె సులభంగా ప్రవహింపనీయవు. కాబట్టి కొద్ది వోల్టులతోనే పరికరం వెలగాలంటే పొర మందం సుమారు నూరు నానోమీటర్లకు మించరాదు. మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమన్నమాట. అటువంటి పొరను ఒక చదరపు మీటరు మేర పరచడానికి కావలసిన పదార్థం గ్రాములో పదోవంతు మాత్రమే. ఈ చిటికెడు పొడిని, ఎక్కడా చిల్లు లేకుండా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ కాకుండా చదరపు మీటరంతా సమంగా పరచాలి. చిల్లు పడితే పై లోహం క్రింది ధ్రువాన్ని తాకి విద్యుత్తు అడ్డదారిన పోతుంది. మందం హెచ్చుతగ్గులైతే వెలుగు మరకలుగా కనిపిస్తుంది.

దీనికి రెండు మార్గాలు కలవు. గాలి తీసివేసిన గదిలో పదార్థాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి గాజుమీద పేరుకొనేటట్లు చేయడం మొదటిది. అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ఈ విధంగానే రెండు పొరల పరికరాన్ని తయారుచేసి, పది వోల్టులకు లోపుగానే ప్రకాశవంతమైన కాంతిని రాబట్టి చూపారు. పదార్థాన్ని ఏదైనా ద్రవంలో కరిగించి, ఆ ద్రావణాన్ని పూతగా పూసి, ద్రవాన్ని ఆరిపోనిచ్చి పొరను మాత్రం మిగుల్చుకొనడం రెండవ మార్గం. 1990లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బరోస్, డోనల్ బ్రాడ్లీ, రిచర్డ్ ఫ్రెండ్ మొదలైనవారు పాలిమరుతో కాంతిని పుట్టించినది ఈ మార్గంలో. ఇప్పుడు మన విద్యార్థిని వ్యాసానికి సరియైన పేరు దొరికింది: ద్రావణ పూత పద్ధతులు.

పాలిమర్లు విద్యుత్తును తీసుకొనిపోగలవని హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలు ప్రకటించినది 1977లో. ఆ పనికే వారికి 2000 సంవత్సరంలో నోబెల్ బహుమానం లభించింది. దివిసీమవారికి 1977 అంటే నవంబరు 19 నాటి ఉప్పెన తప్ప వేరొకటి గుర్తుకు రాదు. లోకంలో ఒకచోట ఏమి జరుగుతున్నదో వేరొకచోట తెలియని కాలమది.

కేంబ్రిడ్జివారి పనిలో మన పెడనవారు చెవి ఒగ్గి వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. వారు ఎన్నుకొన్న పాలిమరు ఏ ద్రవంలోనూ కరగదు. కరగనిదానితో ద్రావణం ఎట్లు చేయడం? వారు పాలిమరును వదలి, దాని మాతృక అనదగిన మరొక పదార్థాన్ని తీసుకొన్నారు. అది మెథనాల్‌లో కరుగుతుంది. దానిని గాజుమీద పలుచగా పూసి, ఆరిన పిదప శూన్యంలో సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి వేడిచేశారు. ఆ వేడికి మాతృకలోని కొన్ని భాగాలు విడిపోయి వెళ్ళిపోగా, కరగని పాలిమరు గాజుమీదనే తయారై నిలిచింది. విద్యుత్తు ఇవ్వగానే పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ కాంతి వచ్చింది. కరిగేదానిని పూసి, పూసినచోటనే దానిని కరగనిదానిగా మార్చడం ఇందులోని ఉపాయం.

ఈ ఉపాయాన్ని బందరు, పెడనల అద్దకంవారు ఏనాటినుండో గుడ్డమీద చేస్తున్నారు. 'కలంకారీ' అన్న మాట ఫారసీ భాషది; కలంతో చేసే పని అని అర్థం. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవునుండి ఈ గుడ్డలు పారశీక దేశానికి విరివిగా వెళ్ళేవి. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పుకొన్న కారణాలలో ఈ గుడ్డలది ముఖ్యస్థానం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, మన ప్రాంతంలో టేకు కర్రతో చెక్కిన అచ్చులతో అద్దడం వాడుక.

ఆ పని క్రమాన్ని రసాయనశాస్త్రపు కంటితో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. ముందు గుడ్డను శుభ్రంచేసి, కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని టానిన్ దారంలో నిలుస్తుంది. పాలలోని కొవ్వు, తరువాత అద్దబోయే రంగు అంచు దాటి ప్రాకకుండా పట్టి ఉంచుతుంది. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిం ద్రావణాన్ని అద్దితే, ఇనుము టానిన్‌తో కలిసి ఎంత కడిగినా పోని నలుపవుతుంది. ఎరుపు రావలసినచోట అద్దేది ఎరుపు కాదు, తుమ్మబంకతో చిక్కబరచిన పటిక ద్రావణం. దానిని ఆరనిచ్చి, దారాన్ని పట్టుకోక మిగిలిన పటిక పోయేటట్లు పారే నీటిలో బాగా జాడిస్తారు. పిదప రాగిపాత్రలో చిరువేరుతోగాని, నేడు చాలాచోట్ల అంగడిలో కొన్న అలిజరిన్‌తోగాని ఉడకబెడతారు. నీటిలో తిరుగుతున్న రంగు అణువు పటికలోని అల్యూమినియాన్ని కలుసుకొన్నచోట కరగని ఎర్రని పదార్థంగా మారి దారానికి అంటుకొంటుంది. పటిక లేనిచోట నిలువదు. గుడ్డను సరిగా జాడించకుండా ఉడకబెడితే మిగులు పటిక నీటిలో కరిగి, తెల్లగా ఉండవలసిన నేలమీదికి ఎరుపు ప్రాకి, పని చెడుతుంది.

అద్దకంవారికి నానోవిద్య ముందే తెలుసునని చెప్పడం నా అభిప్రాయం కాదు. అటువంటి గొప్పలు వినడానికి బాగుంటాయి గాని పాఠానికి పనికిరావు. దారానికీ రంగుకూ మధ్య ఏర్పడే గట్టి బంధం గాజుకూ పాలిమరుకూ నడుమ లేదు. మందంలోనూ, పదార్థపు శుద్ధిలోనూ రెండింటికీ పోలికే లేదు. పైగా పెడనలోనే ఇప్పుడు చాలాచోట్ల రసాయనిక రంగులు, స్క్రీన్ ముద్రణ వచ్చినవి. అయినా ఒక ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే: ఇప్పుడు పూయబోయే ద్రవం, ఇంతకుముందు పూసినదానిని చెరపకుండా ఉండాలంటే ఏమి చేయాలి?

ద్రావణ పూతలో అసలు చిక్కు అక్కడే ఉన్నది. శూన్యంలో ఆవిరిని పేర్చే పద్ధతిలో పదిపొరలైనా ఒకదానిపై ఒకటి వేయవచ్చు. ఆవిరి క్రిందిపొరను కరిగించదు. ద్రావణంలో ద్రవం ఉంటుంది. మొదటిపొర టాలుయీన్‌లో కరిగేదైతే, దానిపై టాలుయీన్‌తో చేసిన రెండవ ద్రావణం పడగానే మొదటిపొర మళ్ళీ కరిగి రెండూ కలగాపులగమవుతాయి. దీనికి మూడు దారులు కనుగొన్నారు. రెండు పొరలకూ పరస్పరం పొసగని ద్రవాలను ఎన్నుకోవడం ఒక దారి. పెడాట్ అనే నీలినలుపు వాహక పాలిమరు నీటిలో చెదరి ఉంటుంది. దానిని గాజుమీద నలభై నానోమీటర్ల మందాన పూసి, వేడిచేసి ఆరబెట్టి, ఆపైన టాలుయీన్‌లోనో జైలీన్‌లోనో కరిగించిన కాంతినిచ్చే పాలిమరును పూస్తారు. టాలుయీన్ పెడాట్‌ను ముట్టదు. రెండవ దారి, పూసిన పొరలోని అణువులను వేడితోగాని అతినీలలోహిత కిరణాలతోగాని ఒకదానితో ఒకటి ముడివేసి వలవలె చేయడం. వలగా మారినది ఇక కరగదు. మూడవది పైన చెప్పిన మాతృక ఉపాయం. మూడింటికీ హద్దులున్నవి. నీరు, నూనెజాతి ద్రవాలు, మద్యజాతి ద్రవాలు అని లెక్కవేసినా పొసగనివాటి జతలు కొన్నే. కాబట్టే ద్రావణ విధానంలో పొరల సంఖ్య తక్కువగా ఉంటుంది. పరికరపు ఆయుష్షు కూడా, ముఖ్యంగా నీలికాంతి విషయంలో, ఆవిరి పద్ధతికన్న వెనుకబడి ఉన్నది.

ఇక పొర మందాన్ని ఎట్లు నిర్ణయిస్తారన్నది చూద్దాము. ద్రావణంనుండి పూత అనగానే బందరువారికి చిలకలపూడి గిల్టునగలు తలపుకు వస్తాయి. అక్కడ రాగి, ఇత్తడి నగలను బంగారపు లవణం కరిగిన ద్రవంలో వ్రేలాడదీసి విద్యుత్తును పంపుతారు. ఎంత విద్యుత్తు ఎంతసేపు పోయినదో అంత బంగారం నగమీద చేరుతుంది. ఇది ఫారడే నియమం. గడియారం చూసి మందాన్ని చెప్పవచ్చు. కాని మన కర్బన పాలిమరు ద్రావణంలో బంగారపు అయానువలె ఆవేశంతో తిరగదు. దానిని విద్యుత్తుతో లాగి పేర్చలేము. కాబట్టి ఎంత తడి పూత పూశాము, అందులో పదార్థం ఎన్ని పాళ్ళు అన్న రెండు లెక్కలమీదనే ఆధారపడాలి. నూటికి ఒక పాలు పదార్థమున్న ద్రావణాన్ని పది మైక్రాన్ల మందాన పూస్తే, తొంభైతొమ్మిది పాళ్ళు ఆవిరై, సుమారు నూరు నానోమీటర్లు మిగులుతుంది.

ప్రయోగశాలల్లో అందరూ మొదట చేసేది స్పిన్ కోటింగు, అనగా భ్రమణ పూత. గాజుపలకను ఒక పీటకు బిగించి, నడుమ ద్రావణం పోసి, నిమిషానికి వెయ్యి మొదలు నాలుగువేల చుట్ల వేగంతో త్రిప్పుతారు. ద్రవం అంచులవైపుకు పరచుకొంటూ చిమ్మబడుతుంది. మిగిలినది పలుచనై ఆరిపోతుంది. తిరిగే పలకమీద ద్రవం ఎట్లు పలుచబడుతుందో ఎంస్లీ, బోనర్, పెక్ అనేవారు 1958లోనే లెక్కకట్టారు. వాడుకలో గుర్తుంచుకోదగిన సూత్రమేమంటే, పొర మందం వేగపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. వేగాన్ని నాలుగింతలు చేస్తే మందం సగమవుతుంది. అరనిమిషంలో చక్కని పొర వస్తుంది.

అయితే దీనిలో ఎంత వృథా జరుగుతుందో విద్యార్థులు తామే లెక్కవేయవచ్చు. అయిదు సెంటీమీటర్ల చదరపు పలక వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. నూరు నానోమీటర్లంటే 0.00001 సెంటీమీటరు. పొర ఘనపరిమాణం 0.00025 ఘన సెంటీమీటరు. పదార్థం నీటివంటి సాంద్రత కలదనుకొంటే పావు మిల్లీగ్రాము. కాని మనం పోసిన ద్రావణం అర మిల్లీలీటరు, మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాముల చొప్పున అయిదు మిల్లీగ్రాములు. ఇరవై పాళ్ళలో ఒక పాలు పలకమీద నిలిచి, పందొమ్మిది పాళ్ళు పాత్ర గోడలకు కొట్టుకొన్నవి. బంగారంకన్న ఖరీదైన పదార్థాలు వాడేచోట ఇది పరిశ్రమకు పనికివచ్చే పద్ధతి కాదు. పైగా పలక అంతా ఒకే రంగు వస్తుంది. ఎరుపు ఇక్కడ, పచ్చ అక్కడ అని వేయడానికి వీలులేదు.

వృథా తగ్గించేందుకు ఇతర పద్ధతులు కలవు. పలకను ద్రావణంలో ముంచి మెల్లగా పైకి లాగడం ఒకటి. ఇందులో త్వరగా లాగితే మందంగానూ, మెల్లగా లాగితే పలుచగానూ వస్తుంది. పదునైన అలుగును పలకకు అతి దగ్గరగా ఉంచి ద్రావణాన్ని ముందుకు నెట్టుకొంటూ పోవడం మరొకటి. సన్నని చీలికనుండి ద్రావణాన్ని తెరవలె దించుతూ క్రింద పలకనుగాని ప్లాస్టిక్ చుట్టనుగాని నడిపించడం ఇంకొకటి. పరిశ్రమలవారికి ఇష్టమైనది ఇదే. ఇందులో పోసినదంతా పలకమీదనే ఉంటుంది గాన లెక్క తేలిక. పది సెంటీమీటర్ల వెడల్పున, క్షణానికి ఒక సెంటీమీటరు వేగంతో, పది మైక్రాన్ల తడిపూత కావాలంటే నిమిషానికి 0.6 మిల్లీలీటరు ద్రావణం విడవాలి. మన దేశంలో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఇటువంటి చుట్టపూత, ముద్రణ పనులకు ఒక జాతీయ కేంద్రం కలదు. ఇక మన హైదరాబాదు తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థవారు సౌరఘటాలకు కావలసిన రంగు అణువులమీద పరిశోధనలు చేశారు. సౌరఘటం కాంతిని విద్యుత్తుగా మారుస్తుంది, ఓలెడ్ విద్యుత్తును కాంతిగా మారుస్తుంది. పూతల చిక్కులు మాత్రం చాలావరకు ఒకటే.

తెరకు మూడు రంగుల చుక్కలు కావాలి గదా. ఇందుకు ద్రావణాన్ని సిరాగా వాడి, కంప్యూటరు ముద్రణ యంత్రంవలె చుక్కచుక్కగా వేసే పద్ధతి వచ్చింది. ఆ చుక్క ఆరే తీరును మనం రోజూ చూస్తూనే ఉన్నాము. బల్లమీద పడిన టీ చుక్క ఆరినప్పుడు నడుమ పలుచగా, అంచున నల్లని వలయంగా మిగులుతుంది. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డీగన్, అతని సహచరులు 1997లో దీని కారణాన్ని వివరించారు. చుక్క అంచు బల్లకు అతుక్కొని కదలదు. అంచువద్ద ఆవిరి కావడం ఎక్కువ. ఆ లోటు తీర్చేందుకు నడుమనుండి ద్రవం అంచుకు ప్రవహిస్తూ, తనతోపాటు పదార్థాన్నీ మోసుకొనిపోతుంది. టీ మరకకు నష్టం లేదు గాని, తెరమీది చుక్క ఇట్లే ఆరితే నడుమ చీకటి, అంచున వెలుగు అవుతుంది. అందువల్ల త్వరగా ఆరేది ఒకటి, నెమ్మదిగా ఆరేది ఒకటి రెండు ద్రవాలు కలిపి, ప్రవాహం వెనుకకు మళ్ళేటట్లు చేస్తారు. చుక్క ప్రక్కచుక్కలో కలవకుండా చుట్టూ గట్లు కడతారు. మన వరిమడికి గట్టు వేసినట్లే. మడి లోపలి నేల ద్రావణాన్ని పీల్చుకొని సమంగా పరచుకొనేదిగానూ, గట్టు పైభాగం దానిని తామరాకువలె త్రోసివేసేదిగానూ ఉండాలి. దివిసీమ రైతుకు ఈ సంగతి పాఠం చెప్పనక్కరలేదు. దమ్ము చేసిన మడి సమంగా లేకపోతే నీరు ఒకమూలకు చేరి నాట్లు ఎట్లు చెడునో అతనికి తెలుసు.

ఈ ముద్రణ పద్ధతి వచ్చి చాలాకాలమైంది. జపానులోని ఎప్సన్ సంస్థ 2004లోనే నలభై అంగుళాల నమూనా తెరను ఈ విధంగా చేసి చూపింది. వార్తాపత్రికలు అచ్చువేసినంత చవుకగా తెరలు వస్తాయని అప్పట్లో వ్రాశారు. ఆ మాట ఇంతవరకు నిజం కాలేదు. ముద్రిత తెరలకే పేరుపొందిన జోలెడ్ అనే జపాను సంస్థ 2023లో దివాలా తీసింది. మరుసటి ఏడు, 2024లో, చైనాకు చెందిన టీసీఎల్ వర్గపు సంస్థ వైద్యులు వాడే తెరలను ముద్రణ పద్ధతిలో ఉత్పత్తి చేయడం మొదలుపెట్టింది. చేతిఫోన్ల తెరలలో అత్యధిక భాగం నేటికీ శూన్యపు ఆవిరి పద్ధతిలోనే తయారవుతున్నవి. ద్రావణ పూత గెలిచినదని వ్రాయడానికి ఇంకా సమయం రాలేదని నా అభిప్రాయం. విద్యార్థులు పోటీ పరీక్షల పుస్తకాలలో ఈ విషయమై కనిపించే ఉత్సాహాన్ని కొంచెం తగ్గించి చదువుకొనడం మంచిది.

ఏ పద్ధతిలో చేసినా ఈ పరికరాలకు తేమ బద్ధశత్రువు. పై లోహపు పొరలో కంటికి కనరాని చిల్లు ఒకటి ఉన్నా అక్కడినుండి నీటి ఆవిరి లోనికి పోయి, లోహానికీ కర్బనానికీ నడుమ కలయికను చెడగొడుతుంది. అక్కడ నల్లచుక్క పడి నానాటికీ పెరుగుతుంది. అందుకే వీటిని నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలలో తయారుచేస్తారు. ఆ వాయువులో నీరు, ఆక్సిజన్ పదిలక్షల పాళ్ళకు ఒక పాలుకన్న తక్కువగా ఉండేటట్లు చూస్తారు. పైకప్పు ఎంత గట్టిదై ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు గ్రాములో పదిలక్షలవంతుకన్న ఎక్కువ ఆవిరి దూరకూడదు. సముద్రపు గాలికి గిల్టునగ ఎంత త్వరగా మాసిపోవునో చూసిన బందరువారికి ఈ జాగ్రత్త అతిగా తోచదు. ఆ మధ్య గుడివాడలో ఫోను బాగుచేసే దుకాణంలో, పగిలిన తెర అంచునుండి నల్లని మచ్చ లోపలికి ప్రాకిన ఫోనును చూశాను. వానలో తడిసిందా అని అడిగితే, తడవలేదు, పగిలినదానిని అట్లే వాడుకొంటున్నారని దుకాణదారు చెప్పాడు. పగిలినచోట ఆ పైకప్పు లేదు. మామూలు గాలిలోని తేమే అక్కడ చాలు.

చివరగా, విద్యార్థులు ఖర్చులేకుండా చేసి చూడదగిన ప్రయోగం ఒకటి. గుడ్డలు, గాజుపలకలు, వడ్రంగులు వాడే లక్క, స్పిరిట్, తుమ్మబంక, పసుపు ఉంటే చాలు. కిటికీలు తెరచి, దగ్గరలో మంట లేకుండా చూసుకొని, ఉపాధ్యాయుల సమక్షంలో చేయాలి. లక్కను స్పిరిట్‌లో కరిగించి, చిటికెడు పసుపు వేసి, వడగట్టాలి. పసుపులోని రంగు పదార్థం నీటిలో దాదాపు కరగదు గాని స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. ఈ ద్రావణాన్ని రెండు గాజుపలకలమీద సగంవరకే పలుచగా పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇప్పుడు మొదటి పలకపై, పసుపు ఉన్న భాగమూ లేని భాగమూ కలిపి, పసుపు వేయని లక్క ద్రావణాన్ని పూయాలి. రెండవదానిపై నీటిలో కరిగించిన తుమ్మబంకను అట్లే పూయాలి. ఆరిన తరువాత రెండింటినీ చీకటిగదిలో ఉంచి, నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం క్రింద చూడాలి. పసుపు ఉన్నచోట పచ్చని వెలుగు కనిపిస్తుంది. ఇది విద్యుత్తుతో పుట్టిన కాంతి కాదు, దీపపు కిరణాలను మ్రింగి తిరిగి ఇచ్చిన కాంతి. అయినా కర్బన అణువు వెలగడమంటే ఏమిటో కంటితో చూడవచ్చు.

మేము మా రసాయనశాస్త్ర ప్రయోగశాలలో దీనిని చేశాము. దీపం ఒక బట్టల దుకాణంనుండి అడిగి తెచ్చినది. బంక పూసిన పలకపై పసుపు అంచు గీత గీసినట్లు నిలిచి ఉన్నది. లక్కమీద లక్క పూసిన పలకపై పసుపు చెదరి, ఏమీ పూయని భాగంమీదికి తోకలుతోకలుగా ప్రాకింది. పెడన అమ్మాయి దానిని దీపం క్రింద అటూఇటూ త్రిప్పి చూసి, "జాడించకుండా ఉడకబెట్టినట్లున్నది సార్" అన్నది.